దాపటి స్పీకర్

బోధన్ చెరకు రైతుల సంఘం ఆఫీసుకు ఎవరు ఫోన్ చేసినా ఎత్తేది సుష్మే. "నా కోత వంతు ఎప్పుడక్కా?" అని అడిగే రైతుల్లో సగం మందికి ఆమెకంటే పెద్ద పిల్లలుంటారు. అయినా అందరికీ ఆమె సుష్మక్కే. పేరూ ఊరూ చెప్పడం పూర్తికాకముందే ఆమె తారీఖు చెప్పేస్తుంది. అంత తొందరగా ఎలా దొరుకుతుందబ్బా అని కొత్తవాళ్లు నోరు తెరుస్తారు.

ఎలాగంటే, కుడి చెవికి ఫోను, ఎడమ చెవి దగ్గర ల్యాప్‌టాప్. సుష్మకు పుట్టుకతోనే చూపు లేదు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే గొంతు ఒకటి ఆ ల్యాప్‌టాప్‌లో ఉంది. మామూలు మనిషికి ఈగ రొదలా వినిపించేంత వేగంగా చదువుతుందది. సుష్మ ఆ రొదలోంచి తనకు కావలసిన అంకెను లటుక్కున పట్టుకుంటుంది.

ఆ గొంతు అంత తేలిగ్గా రాలేదు. అది ఉచితంగా దొరికే సిస్టమ్‌లోది. ఆ సిస్టమ్ లోపల రాసినదంతా ఎవరైనా విప్పి చూడొచ్చు, చేతనైతే బాగుచేయొచ్చు. మొదట్లో ఆ గొంతు సాలూరను శాలురా అనేది, రుద్రూరును రుద్రుడి ఊరు చేసేది. సుష్మ ఆరేళ్ల పాటు ఒక్కొక్క ఊరి పేరు, ఒక్కొక్క ఇంటిపేరు పట్టుకుని దానికి పలకడం నేర్పింది. ఇప్పుడది ఈ చుట్టుపక్కల పుట్టినదానిలా మాట్లాడుతుంది. దాన్ని వదిలి ఇంకో గొంతుకు మారమంటే ఆమెకు మండిపోతుంది.

ల్యాప్‌టాప్ మాత్రం ఎనిమిదేళ్లది. ఛార్జర్ పిన్ను కింద అగ్గిపెట్టె పెడితే తప్ప కరెంటు ఎక్కదు. మధ్యలో దానంతటదే పడుకుంటుంది. అందుకని సంఘం కార్యదర్శి సురేందర్ నిజామాబాదు పోయి కొత్తది తెచ్చాడు. పలచగా, పలక బరువు కూడా లేకుండా ఉంది. కొత్త రకం ప్రాసెసర్, కరెంటు లేకున్నా పొద్దంతా నడుస్తుంది. దుకాణం నడిపే వేణు అందులో సుష్మ అడిగిన సిస్టమే ఎక్కించి, ఫోన్ చేశాడు.

"అన్నీ మంచిగనే వచ్చినయక్కా. స్క్రీన్ వచ్చింది, కీబోర్డు వచ్చింది, వైఫై వచ్చింది. సౌండ్ ఒక్కటే రాలే."

"సౌండ్ ఒక్కటే రాలేదా?" అంది సుష్మ. "మిగతయన్నీ ఎవ్వరికి పెట్టుకోను తమ్మీ?"

పాపం వేణుకు ఆ సంగతి అప్పుడు తట్టింది. "ప్రాసెసర్ మరీ కొత్తదక్కా. ఇంక సపోర్ట్ రాలేదంట," అని నసిగాడు.

సురేందర్ చెడ్డవాడు కాదు. కాకపోతే సీజను ముంచుకొస్తుంటే ఆయనకు కాళ్లు నేల మీద నిలవవు. ఆ కంగారులోనే సుష్మ బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"చూడమ్మా, వచ్చే సోమవారం కాక పై సోమవారం కోత షురూ. పాతది ఎప్పుడు చస్తదో తెల్వదు. కొత్తది అప్పటికి మాట్లాడితే సరే. లేకుంటే కాంటా కాడి శేఖర్‌ను తెచ్చి ఫోన్ల కూసోబెడ్త. కాయితాలు చూసి చెప్తడు. నువ్వు ఈ సీజన్ ఇంట్ల ఉండు, తర్వాత చూద్దాం."

ఆ "తర్వాత చూద్దాం" సుష్మకు బాగా తెలిసిన మాట. బళ్లో చేరేటప్పుడు విన్నది, బ్యాంకు పరీక్ష రాసేటప్పుడు విన్నది. ఆ మాట అన్నవాళ్లెవరూ తర్వాత చూడలేదు. ఆ కుర్చీ ఒకసారి పోతే మళ్లీ రాదని ఆమెకు అర్థమైపోయింది.

భయం వేసింది. కానీ భయంతో పాటు ఇంకో పురుగు కూడా లోపల దొలవడం మొదలుపెట్టింది. సద్దు ఎక్కడ ఆగిపోయింది? తెర పలికినప్పుడు, కీబోర్డు పలికినప్పుడు, గొంతుకే దారి ఎందుకు దొరకలేదు? సుష్మ చిన్నప్పుడు రేడియో విప్పి దెబ్బలు తిన్న మనిషి. ఇప్పుడు కొట్టేవాళ్లు కూడా లేరు.

కొత్త ల్యాప్‌టాప్ మూగది కాబట్టి, పాతదాంట్లో కూర్చుని వైఫై మీదుగా కొత్తదాని లోపలికి దూరింది. అక్కడ కనిపించినవన్నీ పాతదాని గొంతుతో చదివించుకుంది. రెండు రోజులు తవ్వితే సంగతి అర్థమైంది. కొత్త కాలనీలోకి వచ్చిన పోస్టుమ్యాన్‌కు ఇంటి నంబర్లు తెలియాలి కదా, అలాగే సిస్టమ్‌కు ఏ చిప్పు ఏ సందులో ఉందో చెప్పే చిరునామాల పట్టీ ఒకటి కావాలి. ల్యాప్‌టాప్ చేసినవాళ్లు తమ సొంత సిస్టమ్‌కు ఆ పట్టీ రాసుకున్నారు. ఈ ఉచిత సిస్టమ్‌కు ఎవరూ రాయలేదు. తెరదీ కీబోర్డుదీ ఎవరో పుణ్యాత్ములు వెతికి రాశారు. స్పీకర్ల దగ్గరికి వచ్చేసరికి పట్టీ ఖాళీ.

అలాంటి పట్టీలు రాసేవాళ్లంతా ఉత్తరాలు పంచుకునే చోటు ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. సుష్మ అక్కడ తన మోడల్ పేరు, లోపల తనకు కనిపించిన నంబర్లు అన్నీ పెట్టి రాసింది. మర్నాడు బెల్జియం నుంచి ఇల్సే అనే ఆవిడ జవాబిచ్చింది. స్పీకర్ల పట్టీలు రాయడం ఆవిడకు సెలవు రోజుల పని. "ఆ ప్రాసెసర్ నా దగ్గర ఉంది కానీ మీ మోడల్ లేదు," అని రాసింది. "నేను రాసి పంపుతాను, మీరు పరీక్షించి చెప్పండి. ఈ పనిలో మీరే నా కళ్లు."

అది వినగానే సుష్మ ఎంత గట్టిగా నవ్విందంటే పక్క గదిలోంచి శేఖర్ వచ్చి "ఏమైందక్కా?" అన్నాడు.

"ఏం లేదు. నాకు నౌకరీ దొరికింది. కండ్ల నౌకరీ."

ఇల్సేకు మాత్రం తనకు చూపు లేదని చెప్పలేదు. చెబితే జాలి మొదలవుతుంది, జాలి మొదలైతే పని నెమ్మదిస్తుంది. అది ఆమె అనుభవం.

మొదటి ఫైలుకు ఏమీ కాలేదు. రెండోదానికి టిక్కుమని ఒక్క చప్పుడు వచ్చి ఆగింది. ఆ ఒక్క టిక్కుకే సుష్మ పొద్దంతా ఈల వేసుకుంటూ తిరిగింది. మూడో ఉత్తరంలో ఇల్సే ఒక హెచ్చరిక చేసింది. ఈ పలచటి ల్యాప్‌టాప్‌లలో స్పీకర్లు చాలా నాజూకువి, సద్దు ఎక్కువైతే వేడెక్కి కాలిపోతాయి. అందుకని ఒక్కో స్పీకరు పక్కన ఒక్కో వేడి కొలిచే ముక్క ఉంటుంది. ఏ పక్క వేడెక్కితే ఆ పక్క సద్దు తగ్గించే కాపలా ఒకటి తాను రాస్తోంది. వేడి కొలిచే ముక్కల్లో ఏది ఎడమదో ఏది కుడిదో ల్యాప్‌టాప్ లోపలి భాగాల బొమ్మలో ఉంది. కానీ స్పీకర్లను నడిపే రెండు చిప్పుల్లో ఏది ఏ పక్కదో బొమ్మలో లేదు. "ఒకటో చిప్పుతో మాత్రమే సద్దు చేయిస్తాను. ఏ పక్కనుంచి వస్తుందో చెప్పండి."

సుష్మ కొత్త ల్యాప్‌టాప్‌ను బల్ల మీద ఎదురుగా పెట్టుకుని, దాని రెండు చెంపల మీద రెండు అరచేతులు ఆనించింది. సన్నగా ఒక ఊళ మొదలైంది. ఒక చేతికి జివ్వుమంది, రెండో చేతికి ఏమీ లేదు. మొహం తన వైపు పెట్టుకుని కూర్చున్న ఆ ల్యాప్‌టాప్‌కు ఊళ ఎడమ చెంపలోంచి వస్తోంది. "ఎడమ" అని రాసి పంపింది. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

ఎనిమిదో రోజు శుక్రవారం. పట్టీ, కాపలా రెండూ కలిపిన ఫైలు వచ్చింది. సుష్మ ఎక్కించి, ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ ఆన్ చేసింది. రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత తన ఆరేళ్ల గొంతు, తాను పలకడం నేర్పిన గొంతు, కొత్త ఇంట్లోంచి "సుష్మ, లాగిన్" అంది.

ఆమెకు కళ్లనీళ్లు వచ్చాయి, దాచుకోలేదు కూడా. సురేందర్ పరుగున వచ్చాడు. సాలూర పట్టిక తెరిచి వినిపించింది. "ఇగ ఫికర్ లేదు," అని ఆయన అందరికీ చాయ్ చెప్పాడు.

చాయ్ గ్లాసులు ఖాళీ అయ్యేలోపే గొంతు ఒక పక్కన మెత్తబడింది, ఇంకో పక్కన గరగరలాడింది. సుష్మ చేయి పెట్టి చూసి చటుక్కున తీసింది. అట్లపెనం అంచు తగిలినట్టుంది. సన్నగా ప్లాస్టిక్ వాసన కూడా వచ్చింది. వెంటనే ఆపేసింది. కాసేపటికి సురేందర్ పక్క గదిలో శేఖర్‌తో "ఆ కాయితాలు జర తయారు పెట్టు" అనడం ఆమెకు వినిపించింది. చూపు లేనివాళ్లకు చెవులు ఎంత బాగా పనిచేస్తాయో జనం ఎప్పుడూ మరిచిపోతారు.

"ఎడమది కాలుతోంది, కుడిది మెత్తబడుతోంది," అని రాసింది సుష్మ, ల్యాప్‌టాప్ తనలో తాను రాసుకున్న లెక్కలు కూడా జతచేసి.

"లేదు, వేడెక్కింది కుడిదే," అని ఇల్సే జవాబిచ్చింది. "మీ లెక్కల్లోనే ఉంది. మరోసారి చూస్తారా?"

సుష్మ మళ్లీ పెట్టి, మళ్లీ కాల్చుకుంది. "ఎడమదే."

"కొలిచే ముక్క అబద్ధం చెప్పదు. కుడిదే."

"నా చెయ్యి అబద్ధం చెప్తుందా?" అని రాయబోయి, ఇంగ్లీషులో అది మరీ మొరటుగా ఉంటుందేమోనని చెరిపేసింది. శనివారమంతా ఇదే రభస. ఇద్దరూ మర్యాదగానే ఉన్నారు, ఇద్దరూ మంకుపట్టే పట్టారు. సాయంత్రం ఇల్సే నుంచి చివరి ఉత్తరం వచ్చింది. "వేడి స్పీకరు మీద వేలు పెట్టి ఒక ఫోటో పంపండి. అప్పటిదాకా సద్దు పెట్టకండి, స్పీకరు పోతుంది."

ఒక్క ఆదివారం మిగిలింది. సుష్మ రెండు ల్యాప్‌టాప్‌లూ సంచిలో వేసుకుని రుద్రూరు పక్కనున్న తన ఊరికి బస్సెక్కింది. ఫోటో తీయమని ఎవర్ని అడిగినా తీస్తారు. కానీ ఆమెకు ఫోటో కంటే ముందు సంగతి తేలాలి. తన చేయి తప్పు కాదు, కొలిచే ముక్కా తప్పు కాదు. రెండూ నిజమే అయితే అబద్ధం ఎక్కడుంది? రాత్రి ఆ ప్రశ్న పక్కలోకి తెచ్చుకునే పడుకుంది.

పొద్దున్నే కొట్టం దగ్గర గొడవకు మెలకువ వచ్చింది. సుష్మ నాన్న లింగం చెరకు తోలడానికి బండి సిద్ధం చేస్తున్నాడు. ఒక ఎద్దు కొత్తది, కాడి కిందికి రానని మొరాయిస్తోంది. లింగం వెనక కాడి పట్టుకుని ఉంటే, సుష్మ అమ్మ వసంతమ్మ ఎదురుగా నిలబడి ముకుతాడు పట్టుకుంది.

"దాపటికి గుంజవే! దాపటికి!" అని లింగం అరిచాడు. ఎద్దు గిట్టల చప్పుడు, కాడి కిందపడ్డ చప్పుడు, లింగం "అయ్యో నా కాలు!" ఒకదాని వెంట ఒకటి వినిపించాయి.

"దాపట అంటే ఎలపటికి గుంజుతవేందే?"

"నేను దాపటికే గుంజిన. గిదిగో, గిదే నా ఎడమ చెయ్యి, గిటే గుంజిన!"

"నీ దాపట గాదే! ఎద్దు దాపట! బండి మీద కూసున్నోనికి ఎడమ దిక్కు ఉండేది దాపటెద్దు, కుడి దిక్కు ఉండేది ఎలపటెద్దు. నువ్వు ఎదురుంగ నిలబడ్డవు, నీకు తిరగబడ్తది."

"నాకు నా చేతులే ఎరుక. ఎద్దు చేతులు నాకేం ఎరుక?"

"ఎద్దుకు చేతులేడియే?"

సుష్మ నవ్వుతూ గడప దాటబోయి అక్కడే ఆగిపోయింది. చిన్నప్పుడు నాన్న తనకు పక్కలు నేర్పింది ఈ కొట్టంలోనే. చూపు లేని పిల్లకు ఎద్దు మొహం రెండు చేతులతో పట్టించి, "ఇది దాని దాపటి చెంప, ఇది దాని ఎలపటి చెంప. ఎడమలు, కుడులు దానియి బిడ్డా, నీయి కావు," అని చెప్పేవాడు. అప్పటి నుంచి ఆమెకు ఎదురుగా ఏది ఉన్నా, మనిషైనా ఎద్దైనా కుర్చీ అయినా, దాని పక్కలు దానికే. ల్యాప్‌టాప్‌ను కూడా అలాగే రెండు చెంపలు పట్టుకుని చూసింది. ఎడమ చెంప అంది. అది ల్యాప్‌టాప్ ఎడమ. దాని ముందు కూర్చున్న మనిషికి అది కుడి!

"బాపూ," అంది. "ముందట నిలబడ్డోళ్లు ఒక తీరు, ఎనక ఉన్నోళ్లు ఒక తీరు అనుకుంటే ఏమయితది?"

"ఏమయితది? గిట్ల కాలు పచ్చడయితది!" అన్నాడు లింగం, కాలు రుద్దుకుంటూ. "దాపటి దాన్ని ఆపబోతే ఎలపటిది ఆగుతది, కాడి ఒకదాని మెడ మీదనే పడ్తది."

సరిగ్గా అదే జరిగింది. కుడి స్పీకరు వేడెక్కిందని కాపలాకు తెలుస్తోంది, రెండో చిప్పు కుడిదనుకుని దాన్ని తగ్గిస్తోంది. రెండో చిప్పు నడిపేది ఎడమ స్పీకరును. పాపం చల్లగా ఉన్నది నోరు మూసుకుంటుంటే, కాలుతున్నది అరుస్తూనే ఉంది. కాపలా మంచిదే, చిప్పు మంచిదే. తప్పు తన ఒక్క మాటలో ఉంది. సుష్మకు సిగ్గేసింది, దాన్ని మించి సంతోషమేసింది.

ఫోన్లోంచి ఇంటర్నెట్ తీసుకుని, పాత ల్యాప్‌టాప్ పిన్ను కింద అగ్గిపెట్టె పెట్టి రాసింది. "మీరు ఎడమ అంటే ఎవరి ఎడమ? కూర్చున్న మనిషిదా, ల్యాప్‌టాప్‌దా? నేను ల్యాప్‌టాప్ ఎడమ చెప్పాను. మా ఇంట్లో ఎద్దుల పక్కలు అలాగే చెప్తారు. నేను కళ్లతో కాదు, చేతులతో చూస్తాను, నాకు చూపు లేదు. మొదటి రోజు మీరు నన్ను మీ కళ్లన్నప్పుడే చెప్పాల్సింది. ఒకటినీ రెండునూ తారుమారు చేసి పంపగలరా? రేపు పొద్దున నాకు ఈ గొంతు కావాలి. లేకపోతే నా కుర్చీ పోతుంది."

పంపింది. ఇక జాలి ఉత్తరం వస్తుంది, అయ్యో అంటుంది, పని పక్కన పెడుతుంది అనుకుంది. మధ్యాహ్నం అన్నం తింటుండగా జవాబు వచ్చింది. అందులో అయ్యో లేదు. "మూడు వందల మంది చదివే చోట నాలుగు రోజుల పాటు ఎవరికీ ఈ ప్రశ్న తట్టలేదు," అని ఉంది. "నాకు తట్టాల్సింది. తారుమారు చేశాను. ఎద్దుల సంగతి ఇంకొంచెం చెప్పండి." కింద ఫైలు.

సుష్మ ఎంగిలి చేత్తోనే కూర్చోబోతే వసంతమ్మ చేయి కడిగించింది. ఎక్కించి, రుద్రూరు మొదలు సాలూర దాకా రైతులందరి పేర్లూ గంట సేపు చదివించింది. రెండు చెంపల మీదా చేతులు తీయలేదు. ఒక పక్క వెచ్చబడగానే ఆ పక్కే సద్దు దిగింది, చల్లారగానే మళ్లీ లేచింది. లింగం గుమ్మంలో కూర్చుని, తన పేరు వచ్చినప్పుడు "ఆ, హాజర్!" అన్నాడు.

అయితే కాలిన స్పీకరుకు గరగర పోలేదు. పలికినప్పుడల్లా గొంతులో నలకపడ్డట్టు ఉంది. రెండు రోజులు దాన్ని పదేపదే కాల్చింది తన మాటే. సుష్మ దాని మీద కాసేపు వేలు ఉంచి, దాన్ని పూర్తిగా ఆపేసింది. మిగిలింది కూర్చున్న మనిషికి ఎడమది, ఆమె చెవికి కావలసింది కూడా అదే. కుడి చెవికి ఎటూ ఫోనుంటుంది. ఆ రాత్రే ఇల్సేకు ఫైలు పనిచేసిందని, ఎద్దుల పక్కలు నేర్పిన నాన్న పేరూ ఊరూ కలిపి రాసి పంపింది.

సోమవారం ఆఫీసుకు వచ్చేసరికి శేఖర్ ఆమె కుర్చీలో కూర్చుని కాగితాలు సర్దుకుంటున్నాడు. సుష్మ ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి తెరిచింది. గొంతు పలికింది. శేఖర్ లేచాడు. "నాకు గీ ఫోన్లు ఒద్దే ఒద్దక్కా, కాంటానే నయం," అని కాగితాలు చంకన పెట్టుకుని సంతోషంగా పోయాడు. సురేందర్ గంట సేపు వెనకాలే నిలబడి, నాలుగు ఫోన్లు విని తన గదిలోకి వెళ్లాడు.

ఫోన్ల మధ్యలో ఇల్సే ఉత్తరం వచ్చింది. ఆ మోడల్ కొన్న అందరికీ చేరబోయే పట్టీ అది, పైన రెండు వరుసలు కొత్తగా ఉన్నాయి. గొంతు చదివింది. "ఇందులో ఎడమ అంటే కూర్చున్న మనిషి ఎడమ, ల్యాప్‌టాప్ ఎడమ కాదు. పరీక్షించినవారు: సుష్మ, లింగం కూతురు, రుద్రూరు." రుద్రూరును రుద్రూరు అనే పలికింది. సుష్మ ఆ రెండు వరుసలూ మూడుసార్లు చదివించుకుంది.

మళ్లీ ఫోన్ మోగింది.

"హలో, చెరకు సంఘమేనా? సుష్మక్క ఉన్నదా?"

ఆ గొంతు వినగానే ఆమె పెదవి కొరుక్కుంది. పొద్దున ఒకే ఇంట్లో చాయ్ తాగారు ఇద్దరూ. "ఉన్నదన్నా, చెప్పు. ఎవ్వలు?"

"లింగం. రుద్రూరు దిక్కు. మా చెరుకు కోత వంతు ఎప్పుడున్నదో జర చూసి చెప్పక్కా."

ఎడమ చెవిలో రొద పరుగెత్తింది. సుష్మ అందులోంచి అంకెను పట్టుకుంది. "ఇరవై మూడో తారీఖు."

"అరే, నా కాలు ఇంక వాచే ఉన్నది. ఆ తారీఖు జర ముందుకు జరుపరాదక్కా?"

సుష్మ నవ్వు ఆపుకుంటూ వేలు కీబోర్డు మీద పెట్టింది. "జరుపుత బాపూ. కని ముందు గిది చెప్పు. ముందుకంటే ఎటు? ఇరవైకా, ఇరవై ఆరుకా? ఎవ్వరి ముందు?"